పాత స్పోర్ట్స్ కారుకి వెనక షాక్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

వెనక షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) పోయాయా లేదా అని తెలుసుకోవడానికి డిక్కీ మీద రెండు చేతులతో నొక్కి వదలడం మన దగ్గర ప్రతి మెకానిక్ చేసేదే. పూర్తిగా చచ్చిన షాక్ అయితే అలా దొరికిపోతుంది, సగం పోయినది మాత్రం దొరకదు. అంతకంటే బండిని మన హైదరాబాద్ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు, దారి పొడవునా ఎక్స్‌పాన్షన్ జాయింట్లే (వంతెన పలకల మధ్య సందులు). ఒక్కో జాయింట్ దాటగానే బండి వెనక భాగం ఒకసారి లేచి కుదురుకోవాలి. లేచి, దిగి, మళ్లీ లేచి ఊగిందంటే షాక్ పని అయిపోయినట్టే. దిగాక వెనక టైర్లని చేత్తో తడిమి చూడండి, ట్రెడ్ అక్కడక్కడా గుంతలు పడినట్టు ఎగుడుదిగుడుగా తగిలితే ఇంకో సాక్ష్యం. షాక్ బాడీ మీద ఆయిల్ తడి, దాని మీద నల్లగా దుమ్ము అంటుకుని ఉందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ రాసేదంతా మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 గురించి, అంటే 1989 నుంచి 1997 దాకా వచ్చిన, హెడ్‌లైట్లు పైకి లేచే ఆ చిన్న బండి. మన దేశంలో దీన్ని కంపెనీ అమ్మలేదు, కనిపించే ఒకటీ అరా బయటి నుంచి తెచ్చుకున్నవే. వెనక డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ పట్టి ఉంచుతాయి, షాక్ చుట్టూనే స్ప్రింగు ఉంటుంది. మీది వేరే బండి అయితే నట్ల సైజులు మారతాయి, ఒక్కోసారి పద్ధతే మారుతుంది. బీఎండబ్ల్యూ జడ్3 ఉందనుకోండి, దాంట్లో వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు, ఆర్మ్‌ని కిందికి దించితే స్ప్రింగు దానంతట అదే వదులవుతుంది, స్ప్రింగ్ కంప్రెసర్ గొడవే ఉండదు. అదృష్టవంతులు. అయితే జాకీ జాగ్రత్తలూ, చివర్లో చెప్పే బిగింపు సంగతీ ఏ బండికైనా ఒకటే, అది ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతాదంతా మామూలు నట్టు బోల్టు పనే.

ముందు సామాన్లు, తర్వాతే పానా

పార్టులన్నీ చేతికి వచ్చేదాకా ఒక్క నట్టు కూడా విప్పొద్దు. మారుతికైతే మధ్యలో ఏదైనా తక్కువైనా సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్లి తెచ్చుకోవచ్చు. దీనికి చిన్న రబ్బరు ముక్క కావాలన్నా జపాన్ నుంచో బ్రిటన్ నుంచో అమెరికా నుంచో కొరియర్‌లో రావాలి, కస్టమ్స్ దగ్గర ఆగిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఈలోగా సెల్లార్‌లో స్టాండ్ల మీద వేలాడుతున్న బండి గురించి అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు రోజూ ఆప్యాయంగా అడుగుతుంటారు.

షాక్‌లలో కేవైబీ, కోనీ, బిల్‌స్టైన్ మూడూ ఈ బండికి దొరుకుతాయి. అప్పట్లో కంపెనీయే కొన్ని మోడళ్లకు బిల్‌స్టైన్ వేసి పంపింది, పేరుకి తగ్గ సరుకే, కాస్త గట్టిగా ఉంటుంది. మన రోడ్ల మీద వారానికి నాలుగు రోజులు తిప్పే బండికి నా ఓటు కేవైబీ ఎక్సెల్-జీకి, లేదంటే కోనీ తీసుకుని మెత్తటి సెట్టింగ్‌లో ఉంచుకోండి. ఒకవైపే కారుతోందని ఒకటే మార్చే ఆలోచన వద్దు, ఎప్పుడైనా జతగానే.

షాక్‌లతో పాటు బంప్ స్టాప్‌లు, డస్ట్ కవర్లు, పైన ఉండే మౌంట్ రబ్బర్లు, స్ప్రింగు కూర్చునే రబ్బరు, కొత్త నట్లు, కింద హబ్ (చక్రం బిగించే భాగం) దగ్గరి పొడవు బోల్టులు, ఇవన్నీ ఒకే ఆర్డర్‌లో పెట్టేయండి. బంప్ స్టాప్‌ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. ఈ బండికి సస్పెన్షన్ ప్రయాణం చాలా తక్కువ, ఓ మోస్తరు గుంత వచ్చినా షాక్ దిగి బంప్ స్టాప్ మీద వాలుతుంది, అది రెండో స్ప్రింగులా బరువు మోస్తుంది. ఇన్నేళ్ల తర్వాత విప్పి చూస్తే చాలా బళ్లలో అది పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది. అది లేకుండా కొత్త షాక్ వేస్తే ఇనుముకి ఇనుము తగిలి ఆ కొత్త షాక్ కూడా త్వరగానే పోతుంది. కొందరు ఎన్‌బీ అనే రెండో తరం బండి టాప్ మౌంట్‌లు తెచ్చి మొదటి తరానికి వేస్తారు, దాంతో ప్రయాణం కాస్త పెరుగుతుంది, బడ్జెట్ ఉంటే మంచి ఆలోచనే.

పొట్టి స్ప్రింగులు వేసి బండిని కిందికి దించాలన్న కోరిక కూడా ఇదే టైంలో పుడుతుంది, అదెలాగూ విప్పుతున్నాం కదా అని. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన కాలనీల్లో ఉన్నవాటిలో ఎత్తు అంతకు మించే ఉంటుంది, వెడల్పు మాత్రం జానెడు. దాని మీద ఈ బండి మామూలు ఎత్తులోనే పొట్ట గీసుకుంటుంది. పైగా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిస్తే మోటారు వాహనాల చట్టంలో అలాంటి మార్పుల్ని అడ్డుకునే సెక్షన్ 52 ఉండనే ఉంది. షాక్ మార్చడం రిపేరు, బండి రూపం మార్చడం వేరే సంగతి.

పనిముట్లలో 10, 14, 17, 21 ఎంఎం గోటీలు (సాకెట్లు), అవే సైజుల రింగు పానాలు, పొడుగు హ్యాండిల్, దానికి తొడగడానికి ఒక ఇనుప పైపు, హైడ్రాలిక్ ట్రాలీ జాకీ, కనీసం రెండు మంచి స్టాండ్లు, స్ప్రింగ్ కంప్రెసర్, రబ్బరు సుత్తి, వైర్ బ్రష్, డబ్ల్యూడీ-40, కాపర్ గ్రీజు, తెల్ల పెయింట్ మార్కర్, కళ్లద్దాలు. అన్నీ రాణిగంజ్‌లో ఒక్క వీధిలోనే దొరుకుతాయి. జాకీ కొనేటప్పుడు పూర్తిగా దించితే ఎంత ఎత్తు ఉంటుందో కొలిచి తీసుకోండి, ఎస్‌యూవీలకు వాడే జాకీ ఈ బండి కిందికి దూరదు. టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచి చూపే పానా) దగ్గర అందరూ వెనకాడతారు, చేతి అంచనా చాలదా అని. చాలదు. కొనలేకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి.

బండి లేపడం

సెల్లార్‌లో పార్కింగ్ టైల్స్ ఉంటే స్టాండు కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేయండి, లేకపోతే టైల్ పగిలి స్టాండు ఒరుగుతుంది. ర్యాంప్‌కి దగ్గర్లో వాలుగా ఉన్న స్లాట్ అయితే ఆ ఒక్క రోజుకి పక్కింటివాళ్ల చదును స్లాట్ అడగండి. ఏప్రిల్, మే నెలల్లో చేసేవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టండి, మధ్యాహ్నం ఆ రేకుల షెడ్ల కింద ఇనుము పట్టుకోవడానికే చెయ్యి రాదు.

బండి ఇంకా నేల మీద నాలుగు చక్రాలతో నిలబడి ఉన్నప్పుడే చేయాల్సింది ఒకటుంది, అందరూ మర్చిపోయేది కూడా ఇదే. వెనక చక్రం సరిగ్గా మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు టేపు పెట్టి కొలవండి. రెండు వైపులా. ఆ అంకెలు రెండూ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. చివర్లో ఇవే మనకి దిక్కు.

వీల్ నట్లు 21 ఎంఎం, నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి. తర్వాత ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మలు గట్టిగా కొట్టండి. ఇది వెనక చక్రాలతో నడిచే బండి, హ్యాండ్ బ్రేక్ పట్టేదీ వెనక చక్రాలనే. వెనక భాగం గాల్లోకి లేచాక గేర్‌లో ఉంచినా, హ్యాండ్ బ్రేక్ లాగినా బండిని ఆపేది ఏమీ లేదు, ఆ చెక్క దిమ్మలే ఆధారం.

జాకీ డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యనుండే గేర్ల డబ్బా) మధ్యలో కింద పెట్టి లేపాలి. దానికి ముందు, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా పొడవుగా ఒక అల్యూమినియం దూలం కనిపిస్తుంది, జాకీ పెట్టడానికే ఉన్నట్టు చదునుగా ఊరిస్తుంది, దాని కింద జాకీ పెట్టొద్దు, వంగిపోతుంది. లేచాక స్టాండ్లు సిల్ (తలుపు కిందుండే బాడీ అంచు) మీద గాట్లు ఉన్న చోట, వెనక చక్రాల ముందు. సిల్ తుప్పు పట్టి మెత్తబడి ఉంటే, ఈ బళ్లకి అది మామూలు జబ్బే, స్టాండు సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించి ఉన్న ఇనుప చట్రం) కిందికి మార్చండి. సిమెంట్ ఇటుకల మీద బండి నిలబెట్టే అలవాటు మన గ్యారేజీల్లో ఇప్పటికీ చూస్తాం, ఇటుక హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పగులుతుంది, కింద మనిషి ఉంటాడు. స్టాండ్ల మీద కూర్చున్నాక బండిని పక్క నుంచి గట్టిగా తోసి చూడండి. కదిలితే దించి మళ్లీ మొదటి నుంచి. విప్పిన చక్రాలని సిల్ కిందికి పడుకోబెట్టి తోయండి, స్టాండు జారినా బండి వాటి మీద ఆగుతుంది.

రెండు చక్రాలూ ఒకేసారి తీసి, రెండు వైపులా కలిపి చేయడమే సులువు. ఒకవైపే లేపితే యాంటీ రోల్ బార్ (రెండు వైపుల ఆర్మ్‌లనీ కలిపే కడ్డీ) ఆ ఆర్మ్‌ని కిందికి దిగనివ్వదు.

డిక్కీ లోపల

షాక్ పై కొస డిక్కీలో ఉంటుంది. కార్పెట్ క్లిప్పులు ఊడదీసి పక్కన పెట్టండి, పాత ప్లాస్టిక్ కాబట్టి సగం విరుగుతాయి, బాధపడొద్దు. కుడివైపు బ్యాటరీ ఉంటుంది, అవును, ఈ బండిలో బ్యాటరీ డిక్కీలోనే. పానా పట్టుకుని అక్కడ చెయ్యి పెట్టే ముందు నెగటివ్ టెర్మినల్ తీసేయండి, పానా ఒక కొస టెర్మినల్‌కి, ఇంకో కొస బాడీకి తగిలితే వచ్చే మెరుపు పెట్రోల్ ట్యాంకుకి అంత దగ్గరలో చూడాల్సింది కాదు. ఎడమవైపు పెట్రోల్ పోసే పైపు అడ్డం, దాని ముందున్న కవర్ విప్పితేనే నట్లు కనిపిస్తాయి.

ఒక్కో షాక్‌కి పైన రెండు 14 ఎంఎం నట్లు. వాటిని వదులు చేసి, ఒక్కొక్కటీ నాలుగైదు చుట్లు పట్టి ఉండేలా వదిలేయండి, ఇప్పుడే తీసేయొద్దు. ఆ రెండిటి మధ్యలో షాక్ రాడ్ మీద ఇంకో నట్టు ఉంటుంది. దాని జోలికి పోవద్దు. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంది, దాన్ని పట్టి ఉంచింది ఆ ఒక్క నట్టే. షాక్ బండిలో ఉండగా దాన్ని విప్పితే ఏమవుతుందో రాయాల్సిన పని లేదు.

కింద

నిజానికి ఈ పని ముందు రోజు సాయంత్రమే మొదలవ్వాలి. విప్పబోయే ప్రతి బోల్టు మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకి డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేయండి, వీలైతే మధ్యలో ఇంకోసారి. హైదరాబాద్ సముద్రానికి దూరం, విశాఖలోలాగా ఇక్కడి గాలికి తుప్పు రాదు, కానీ బండి పుట్టిల్లు ఏదో చూసుకోవాలి. బ్రిటన్‌లో తిరిగిన బండి అయితే అక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కింది భాగమంతా తినేసి ఉంటుంది, ఆ తుప్పు బండితోపాటు ఇక్కడికి వచ్చేస్తుంది.

ముందు యాంటీ రోల్ బార్ లింకు విప్పండి, 14 ఎంఎం. తర్వాత షాక్ కింది బోల్టు, 17 ఎంఎం, ఇది పొడుగు హ్యాండిల్‌తో వచ్చేస్తుంది. అయినా షాక్ బయటికి రాదు, ఎందుకంటే కింది ఆర్మ్ అంత కిందికి దిగదు. ఆర్మ్ దిగాలంటే హబ్ అడుగున దాన్ని పట్టి ఉంచిన పొడవు బోల్టు తీయాలి. అసలు కుస్తీ అక్కడే. ఆ బోల్టు బుష్ (ఆర్మ్ కొసలో ఉండే రబ్బరు) లోపలి ఇనుప గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఒకటైపోయి ఉంటుంది.

దీన్ని సుత్తితో మొదలుపెట్టొద్దు. ముందు నట్టు వదులు చేసి, బోల్టు కొసతో సమంగా ఉండేదాకా వెనక్కి తిప్పి ఆపండి, అప్పుడు దెబ్బ పడినా మరలు చితకవు. తర్వాత బోల్టు తలని పైపు తొడిగిన హ్యాండిల్‌తో అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పండి, మధ్య మధ్యలో డబ్ల్యూడీ-40. ఒక్కసారి అది తనకు తానుగా గుండ్రంగా తిరగడం మొదలైందంటే గెలిచినట్టే, తిప్పుతూ లాగితే వస్తుంది. తలతోపాటు బుష్ రబ్బరు కూడా మెలితిరుగుతూ కనిపిస్తే ఇంకా అంటుకునే ఉందన్నమాట, ఓపిక పట్టండి, ఇంకో రాత్రి నాననివ్వండి. వెల్డింగ్ షాప్ భాయ్ వచ్చి గ్యాస్ కట్టర్‌తో రెండు నిమిషాల్లో ఎర్రగా కాల్చి తీసేస్తా అంటాడు. ఆయన ధైర్యం ఆయనది, ట్యాంకు మనది. 1.6 మోడల్లో 45 లీటర్ల ట్యాంకు సీట్ల వెనక, సరిగ్గా డిఫరెన్షియల్ పైనే కూర్చుని ఉంటుంది. అక్కడ మంట వద్దు, గ్రైండర్ నిప్పురవ్వలూ వద్దు. ఎంతకీ రాకపోతే దాన్ని అలాగే వదిలి, ఎగువ ఆర్మ్‌ని హబ్ దగ్గర విప్పి షాక్‌కి దారి చేసుకోవచ్చు. అప్పుడు హబ్‌ని ఒక తాడుతో కట్టి ఉంచాలి, లేకపోతే బరువంతా బ్రేక్ గొట్టం మీదా, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ మీదా పడుతుంది. పొడవు బోల్టు తీసిన పద్ధతిలోనూ ఆ తాడు కట్టాల్సిందే.

ఇంకో హెచ్చరిక. కింది ఆర్మ్ లోపలి కొసల దగ్గర, సబ్‌ఫ్రేమ్ వైపు, తల పక్కన గీతలున్న గుండ్రటి పళ్లెం లాంటివి ఉన్న బోల్టులు కనిపిస్తాయి. అవి వెనక చక్రాల అలైన్‌మెంట్ సరిచేసేవి. పెయింట్ మార్కర్‌తో ఇప్పుడున్న చోటు గుర్తు పెట్టి వదిలేయండి, విప్పాల్సిన అవసరం ఏమీ లేదు.

ఇప్పుడు ఆర్మ్‌ని కిందికి నొక్కి పట్టుకోండి, డిక్కీలోంచి ఇంకొకరు ఆ చివరి నట్లు తీస్తే షాక్, స్ప్రింగు కలిపి ఒక ముద్దగా కిందికి దిగుతుంది. ఇక్కడ రెండో మనిషి కావాలి. తమ్ముడో, బామ్మర్దో, ఎవరో ఒకరు, పానా పట్టడం రాకపోయినా ఫర్వాలేదు.

స్ప్రింగు

మొత్తం పనిలో మనిషికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ ఉన్నది ఇక్కడే, అందుకే నా సలహా ముందే చెప్తున్నా: ఈ ఒక్క మెట్టు బయట చేయించుకోండి. తీసిన రెండు షాక్‌లూ, కొత్తవీ సంచిలో వేసుకుని గోడకి బిగించిన పెద్ద స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న సస్పెన్షన్ షాపుకి తీసుకెళ్తే నిమిషాల్లో మార్చి ఇస్తారు. రెండు బోల్టుల కొక్కేల కంప్రెసర్‌తో ఇంట్లో చేయొచ్చు, కానీ ఈ బండి స్ప్రింగు సన్నం, పెద్ద కొక్కేలు సరిగ్గా పట్టవు.

ఇంట్లోనే చేస్తానంటే, కొక్కేలు రెండూ స్ప్రింగుకి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, మరలకి గ్రీజు పూయాలి, అటు రెండు చుట్లు ఇటు రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి, ఇంపాక్ట్ గన్ వాడొద్దు. స్ప్రింగు పైన కూర్చునే పళ్లెం నుంచి వదులై అటూ ఇటూ కదిలేంత వరకే నొక్కండి, మరీ ఎక్కువ వద్దు. నడి నట్టు విప్పేటప్పుడు మొహం, ఛాతీ దాని వరసలో ఉండకూడదు.

విప్పే ముందు టాప్ మౌంట్ బోల్టులు, షాక్ కింది కన్ను ఒకదానికొకటి ఏ దిక్కున ఉన్నాయో పెయింట్‌తో ఒక గీత గీయండి, ఫోటో కూడా తీయండి. కొత్తది బిగించేటప్పుడు ఆ దిక్కు తప్పితే పైన రంధ్రాల్లోకి వెళ్లినా కింద బోల్టు పట్టదు, మళ్లీ కంప్రెసర్ ఎక్కించాలి. షాపులో చేయిస్తే మాత్రం ఈ గీత సంగతి మీరే పక్కన నిలబడి చెప్పాలి, వాళ్లకి అలవాటైన బళ్లు వేరు.

కొత్త షాక్ డబ్బాలో పడుకుని సముద్రాలు దాటి వచ్చింది కాబట్టి లోపల గ్యాసూ ఆయిలూ కలిసి ఉంటాయి. కేవైబీ లాంటి ట్విన్ ట్యూబ్ షాక్‌ని నిలబెట్టి పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, మధ్యలో తడబాటు పోయేదాకా అలా చేయండి. రాడ్‌ని ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడి సీల్ కోసేస్తుంది. బంప్ స్టాప్, డస్ట్ కవర్, స్ప్రింగు, రబ్బరు, మౌంట్, వరస తప్పకుండా ఎక్కించి నడి నట్టు బిగించండి. స్ప్రింగు కొస కింది పళ్లెంలో ఉన్న గాట్లో సరిగ్గా ఆనిందో లేదో చూసి, అప్పుడే కంప్రెసర్ నెమ్మదిగా వదలండి.

ఎక్కించడం, బిగించడం

ఎక్కించడం అంతా వెనక్కి వెళ్లడమే. పై బోల్టులు డిక్కీలోకి దూర్చి నట్లు వేళ్లతో పట్టించండి, ఆర్మ్‌ని పైకి తెచ్చి కింది బోల్టు, పొడవు బోల్టు, లింకు వేయండి. పొడవు బోల్టుకి మరలు వదిలి మధ్య భాగమంతా కాపర్ గ్రీజు దట్టంగా పూయండి, మళ్లీ ఎప్పుడో దాన్ని విప్పే మనిషి మీరే కావచ్చు. పై నట్లు ఇప్పుడే పూర్తిగా బిగించేయొచ్చు, 29 నుంచి 36 న్యూటన్ మీటర్లు, అంతే. సన్నటి బోల్టులవి, బలం చూపిస్తే తెగుతాయి.

కింది బోల్టులన్నీ మాత్రం ఇప్పుడు చేతి బిగింపు దగ్గరే ఆపండి. మొదట్లో ఏ బండికైనా ఒకటే అన్నది ఈ సంగతే.

ఆ బుష్‌ల లోపల రబ్బరు బయటి గొట్టానికీ, లోపలి గొట్టానికీ రెండిటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బిగుసుకుని కదలకుండా అయిపోతుంది, ఆ తర్వాత ఆర్మ్ కదిలిన ప్రతిసారీ మెలితిరిగేది రబ్బరే. ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగించారనుకోండి, ఆ వేలాడే స్థితే రబ్బరుకి విశ్రాంతి స్థితి అవుతుంది. బండి నేల మీదికి దిగాక ఇక ఆ రబ్బరు రోజంతా, పార్కింగ్‌లో నిలబడి ఉన్నా సరే, పిండిన తడిబట్టలా మెలితిరిగే ఉంటుంది. దాంతో బండి వెనక ఎత్తుగా కూర్చుంటుంది, నడక గరుకుగా ఉంటుంది, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది. కొత్త షాక్‌లు వేసినా బండి బాగాలేదు అని తిట్టుకునేవాళ్లలో చాలామంది బళ్లకి అసలు రోగం ఇదే. గ్యారేజీలో లిఫ్ట్ మీద ఉండగానే ఎయిర్ గన్‌తో గిర్రున బిగించి దించేస్తారు, అక్కడ నిలబడి అడిగినా "అట్లేం కాదు సార్, అన్ని బండ్లకీ ఇట్లనే చేస్తం" అంటారు. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు.

చేసే పద్ధతి ఇదీ. జాకీని ఒకవైపు కింది ఆర్మ్ బయటి కొస కింద, హబ్‌కి దగ్గరగా పెట్టి మెల్లగా లేపండి. హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు ఉన్న దూరం, గోడకి అంటించిన కాగితం మీద అంకెకి వచ్చేదాకా. పాత స్ప్రింగులే మళ్లీ వేశారు కాబట్టి ఆ అంకె చెల్లుతుంది, కొత్త స్ప్రింగులు అయితే కాదు. బండి బరువు వెయ్యి కిలోలకి అటూ ఇటూ, అందులోనూ వెనక భాగం తేలిక, కాబట్టి ఆ ఎత్తు రాకముందే బండి స్టాండు మీంచి లేవబోతుంటే ఆపేయండి. అప్పుడు రెండో దారి: చక్రాలు వేసి, ఒక్కో చక్రం కింద రెండు మూడు మందపాటి చెక్క పలకలు పేర్చి బండిని వాటి మీదికి దించండి, పక్క నుంచి చెయ్యి దూర్చి బిగించండి. కొంచెం ఇబ్బందే, కానీ అన్నిటికంటే నిక్కచ్చి పద్ధతి ఇదే, బండి తన బరువు తానే మోస్తుంది కాబట్టి. దించాక వెనక భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, అప్పుడు కొలవండి.

షాక్ కింది బోల్టు 73 నుంచి 93 న్యూటన్ మీటర్లు. మీ బండి ఏడాదికి సంబంధించిన సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి, పొడవు బోల్టు, లింకు అంకెలు అందులో చూసి బిగించండి. వీల్ నట్లు 88 నుంచి 118, ఎదురెదురుగా ఒకటి విడిచి ఒకటి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్‌తో ఒక చుక్క పెడితే ఏది మిగిలిందో వెతుక్కోనక్కర్లేదు.

పాలీయురేథేన్ బుష్‌లు వేసిన బండికి ఈ మెలిక గొడవ లేదు, అవి గొట్టం మీద తిరుగుతాయి, గ్రీజు మాత్రం అప్పుడప్పుడూ అడుగుతాయి, లేకపోతే కిర్రుమంటాయి. బుష్‌లు కూడా మార్చాలనుకుంటే ఆర్మ్‌లన్నీ బయటికి తీసి బాలానగర్‌లో ఏదైనా లేత్ షాపులో ప్రెస్ మీద పాతవి తీయించి కొత్తవి ఎక్కించాలి. అది వేరే వారం పెట్టుకోండి, షాక్‌లతో కలపొద్దు, కలిపితే చప్పుడు వచ్చినప్పుడు ఏది కారణమో తెలియదు.

రోడ్డు మీద

మొదట కాలనీలోనే, కిటికీలు దించి, మెల్లగా. స్పీడ్ బ్రేకర్ మీద డిక్కీలోంచి టక్ మని వస్తే పై నట్లు చూడండి, కింద నుంచి లొడలొడ అంటే లింకు, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ క్లిప్పు వెనక్కి పెట్టడం మర్చిపోయి ఉంటారు. వెనక రెండు వైపులా ఎత్తు మళ్లీ కొలవండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, కింది బోల్టులు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడాలి.

అలైన్‌మెంట్ తప్పనిసరి, అడ్జస్ట్‌మెంట్ బోల్టులు ముట్టుకోకపోయినా సరే. ఇక్కడో చిక్కు ఉంది. మన దగ్గర తిరిగే చిన్న బళ్లలో చాలావాటికి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) ఉంటుంది, దాంట్లో సరిచేయడానికి ఏమీ ఉండదు, అందుకని అలైన్‌మెంట్ షాపులో కుర్రాళ్లు ముందు చక్రాలు చేసి, స్క్రీన్ మీద వెనక ఎర్రగా కనిపిస్తున్నా "వెనక కాదు సార్" అని ప్రింటు ఇచ్చేస్తారు. దీనికి అవుతుంది. కింది ఆర్మ్ లోపలి బోల్టులు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫోటో చూపించి, వెనకవి ముందు చేయించి, ఆ తర్వాత ముందు చక్రాలు చేయించండి. మాన్యువల్లో ఉన్న అంకెల కాగితం తీసుకెళ్లండి, వాళ్ల మెషీన్ లిస్టులో ఈ బండి పేరు లేకపోవచ్చు. వెనక టో, అంటే చక్రాల ముందు కొసలు చూసే దిక్కు, బయటికి తిరిగి ఉందంటే వానలో మలుపు దగ్గర వెనక చక్రాలు చటుక్కున పక్కకి జారతాయి, లోపలికి కొద్దిగా ఉండాలి, రెండు వైపులా సమానంగా. బండిలో సగం ట్యాంకు పెట్రోల్ ఉంచి, చేస్తున్నంతసేపూ డ్రైవర్ సీట్లో మీరే కూర్చోండి, ఇంత తేలిక బండికి మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

తీసిన పాత షాక్‌లని పాత సామాన్లవాడికి వేసే ముందు టాప్ మౌంట్ ఇనుప పళ్లేలు, పనికొచ్చే వాయిసర్లు తీసి దాచుకోండి. గ్యాస్ షాక్‌ని కోయొద్దు, మంటలో వేయొద్దు, లోపల ఒత్తిడి ఉంటుందని పాత సామాన్లవాడికి కూడా చెప్పండి.